పదిహేడేళ్ళవాడికి ఏం తెలుసు?

నవల చదివినవాళ్ళకి చిన్న పొగరుంటుంది. సినిమా చూసొచ్చి "బాగుంది" అన్నామో లేదో, "నవల చదివావా? చదివుంటే ఆ మాట అనవు, అసలు కథంతా వదిలేశారు" అని మొదలుపెడతారు. మన ఇళ్ళల్లో ఇది పాత గొడవే. యద్దనపూడి సులోచనారాణి నవలలు 'మీనా', 'జీవన తరంగాలు' 1973లో, 'సెక్రటరీ' 1976లో సినిమాలైనప్పుడు, వాటిని ముందే చదివేసిన అమ్మలూ పిన్నులూ హాల్లో కూర్చుని తెరమీది హీరోని తమ మనసులో ఉన్న హీరోతో పోల్చి మార్కులు వేశారు. మా పెద్దమ్మ ఇప్పటికీ వేస్తుంది. తక్కువే వేస్తుంది.

'కాల్ మీ బై యువర్ నేమ్' విషయంలో ఈ ఫిర్యాదు ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది, ఎందుకంటే అక్కడ నిజంగానే చాలా వదిలేశారు. ఆండ్రే ఆసిమన్ 2007లో ప్రచురించిన నవలలో నాలుగు భాగాలున్నాయి. చివరి భాగం మొత్తం ఆ వేసవి తర్వాత జీవితం. పదిహేనేళ్ళ తర్వాత ఒకసారి, ఇరవయ్యేళ్ళ తర్వాత ఇంకోసారి, ఆ వేసవిలో ప్రేమించుకున్న ఇద్దరూ మళ్ళీ కలుస్తారు. లూకా గ్వాడాన్యీనో 2017లో తీసిన సినిమాలో ఆ కలయికల గురించి ఒక్క షాట్ లేదు. నవల అభిమానులకి అది గుండె కోసేసినట్టు. నాతో ఈ విషయం మీద గంటలకొద్దీ వాదించే స్నేహితురాలు ఒకామె ఉంది. ఆవిడ దృష్టిలో సినిమా అంటే నవలకి తీసిన అందమైన ట్రైలర్.

నేనేమంటానంటే, ఆ భాగం తీసెయ్యబట్టే సినిమా నిలబడింది. ఎదిగే వయసు మీద వచ్చే కథల్లో చాలావాటిలో ఒక చిన్న మోసం ఉంటుంది. ఈ సినిమా ఆ మోసం చెయ్యలేదు.

చూడనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా. 1983 వేసవి. ఉత్తర ఇటలీలో ఒక పాత భవంతి, చుట్టూ పండ్లతోట. ఎలియోకి పదిహేడేళ్ళు. పియానో వాయిస్తాడు, తెగ చదువుతాడు, ఇంట్లో ఎప్పుడూ మూడు భాషలు కలగలిసి తిరుగుతుంటాయి. తండ్రి ప్రాచీన గ్రీకు, రోమన్ శిల్పాల మీద పనిచేసే ప్రొఫెసర్. ఏటా వేసవిలో ఒక పరిశోధకుణ్ణి పిలిచి కొన్ని వారాలు ఇంట్లో పెట్టుకుంటాడు. ఆ ఏడాది వచ్చినవాడు ఆలివర్, ఇరవై నాలుగేళ్ళ అమెరికన్. ఎలియో తన గది అతనికిచ్చి పక్క గదిలోకి మారతాడు. మొదట చిరాకు, తర్వాత కుతూహలం, ఆ తర్వాత ప్రేమ. వేసవి అయిపోతుంది, ఆలివర్ వెళ్ళిపోతాడు. అంతే. విలన్ లేడు, ఊరు తిరగబడదు, ఎవరూ చావరు. మన లెక్కలో చెప్పుకోదగ్గ ఇంటర్వెల్ కూడా లేదు.

ఇంత చిన్న కథని నవల మోసేది కథకుడి గొంతుతో. అక్కడ ఎలియో ఎన్నో ఏళ్ళ తర్వాత కూర్చుని, ఆ వేసవిని తవ్వుకుంటూ మనకి చెబుతాడు. ఆసిమన్ సంగతి తెలిస్తే అది సహజమే అనిపిస్తుంది. 1951లో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. ఆ కుటుంబం 1965లో దేశం వదిలి రోమ్‌కి, తర్వాత న్యూయార్క్‌కి చేరింది. ఆ పోయిన ఊరి మీద 'అవుట్ ఆఫ్ ఈజిప్ట్' అని స్వీయచరిత్ర రాశాడు. జ్ఞాపకాల మీదే పెద్ద నవల రాసిన ఫ్రెంచి రచయిత ప్రూస్ట్ మీద పాఠాలు చెప్పే మనిషి. చేజారిపోయిన చోటుని జ్ఞాపకంలో మళ్ళీ కట్టుకోవడమే ఆయన పని. అందుకే నవలలో జరిగే ప్రతిదానికీ రెండు వయసులుంటాయి: అప్పుడు జరిగింది, ఇప్పుడు దాన్ని గురించి తను అనుకుంటున్నది. ఆ రెంటి మధ్యా ఎలియో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాడు. నిజంగా అలా జరిగిందా, నేనే తర్వాత కలిపానా అని తనని తనే అడ్డుప్రశ్నలు వేసుకుంటాడు. చాలా తెలివైన గొంతు. నాకు ఇష్టమైన గొంతు కూడా.

కానీ అది పదిహేడేళ్ళ గొంతు కాదు. ఎదిగే కథలు రాసేది ఎదిగిపోయినవాళ్ళు. వాళ్ళకి చివర ఏమైందో తెలుసు. ఏ చూపుకి విలువుందో, ఏ సాయంత్రం గుర్తుండిపోతుందో తెలుసు కాబట్టి, వాటినే ఏరి మన ముందు పెడతారు. చదివేవాడికి ఆ కుర్రవాడు భలే తెలివైనవాడిలా కనిపిస్తాడు. నిజానికి ఆ తెలివి నలభై ఏళ్ళవాడిది, కుర్రవాడికి అరువిచ్చింది. నేను మోసం అన్నది దీన్నే. పదిహేడేళ్ళ వయసులో మన బుర్ర ఎలా ఉండేదో ఒకసారి నిజాయితీగా గుర్తు చేసుకోండి. ఏది ముఖ్యమో ఏది కాదో ఏమైనా తెలిసిందా? బస్సులో ఎవరి పక్కన కూర్చోవాలన్నదే ప్రాణసంకటంలా ఉండేది, జీవితాన్ని మార్చేసిన మాట మాత్రం చెవిలో పడి జారిపోయేది.

గ్వాడాన్యీనో చేసిన మొదటి పని ఆ పెద్దవయసు ఎలియోని బయటికి పంపించెయ్యడం. సినిమాలో వెనకనుంచి వినిపించే గొంతు లేదు, ఫ్లాష్‌బ్యాక్ లేదు. వెనక్కి తిరిగి చెప్పే పద్ధతి ఆశ్చర్యాన్ని చంపేస్తుందని ఆయన అభిప్రాయం. చాలావరకు కథ నడిచే వరసలోనే షూటింగ్ కూడా చేశారు, అంటే నటులు కూడా ఆ వేసవిలో ఒక్కో రోజే ముందుకి నడిచారు. ఛాయాగ్రాహకుడు సయోంభు ముక్దీప్రోమ్ థాయ్‌లాండ్ ఆయన. సినిమా మొత్తం 35 మిల్లీమీటర్ల లెన్స్ ఒక్కదానితోనే తీశాడు. దూరంగా ఉండి ముఖాన్ని దగ్గరకి లాక్కోవడం కుదరదు. దగ్గరగా చూడాలంటే కెమెరా నడిచి వెళ్ళాలి, లేదంటే దూరంగానే ఉండిపోవాలి. (ఆ షూటింగ్ రోజుల్లో అక్కడ వానలు దంచికొట్టాయి. మనం చూసి మురిసిపోయే ఎండలో చాలా భాగం లైట్లు పెట్టి పుట్టించింది. తెలిశాక నాకు గౌరవం ఇంకాస్త పెరిగింది.)

స్క్రీన్‌ప్లే రాసిన జేమ్స్ ఐవరీ మన దేశానికి కొత్తవాడేం కాదు. అమెరికన్ అయిన ఐవరీ, ముంబైలో పుట్టిన ఇస్మాయిల్ మర్చెంట్, ఢిల్లీలో కాపురమున్న రచయిత్రి రూత్ ప్రవర్ ఝాబ్‌వాలా, ఈ ముగ్గురూ కలిసి దశాబ్దాల పాటు నవలల్ని సినిమాలు చెయ్యడమే పనిగా పెట్టుకున్నారు. ఐవరీ మొదటి కథాచిత్రం 'ది హౌస్‌హోల్డర్' (1963) ఢిల్లీలో తీసిందే, ఝాబ్‌వాలా నవల ఆధారంగానే. తర్వాత ఇ.ఎం. ఫార్‌స్టర్ నవలలే మూడు తీశారు. ఈ సినిమాకి 2018 మార్చిలో ఆస్కార్ అందుకునేటప్పటికి ఐవరీకి 89 ఏళ్ళు. అప్పటిదాకా ఆస్కార్ పోటీలో గెలిచినవాళ్ళలో అంత వయసువాళ్ళు లేరు. ఎలియోగా వేసిన తిమోతీ షాలమే బొమ్మ వేసిన చొక్కా తొడుక్కుని వెళ్ళి, అప్పటికే చనిపోయిన తన ఇద్దరు సహచరులనీ తలుచుకున్నాడు. నవలకి మర్యాద ఇస్తూనే ఎక్కడ కత్తెర పెట్టాలో జీవితమంతా నేర్చుకున్న మనిషి ఆయన. ఆ పైన దర్శకుడు ఇంకో కత్తెర వేశాడు.

ఇక తెరమీదికి వద్దాం. ఎలియో ఆలివర్‌కి తన మనసు చెప్పే సన్నివేశం సినిమా మొత్తానికీ కీలకం. ఏ దర్శకుడైనా అక్కడ రెండు ముఖాలూ దగ్గరగా పెట్టి, వయొలిన్లు మోగించి, మనకి ఊపిరాడకుండా చేస్తాడు. ఇక్కడ చూడండి. సైకిళ్ళ మీద ఊళ్ళోకి వస్తారు. పండీనో అనే చిన్న పట్టణంలో తీశారు. కూడలి మధ్యలో మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయినవాళ్ళ స్మారకం, చుట్టూ కంచె. అది పియావే యుద్ధం గుర్తుగా కట్టిందని ఎలియో వివరిస్తాడు. నీకు తెలియనిది ఏమైనా ఉందా అంటాడు ఆలివర్. ముఖ్యమైన విషయాలేవీ తెలియవు అంటాడు ఎలియో. ఎలాంటి విషయాలు అని అడిగితే, నీకు తెలుసుగా అంటాడు. ఇంత మాట జరుగుతున్నప్పుడు కెమెరా ఎక్కడుంది? కూడలికి ఇవతల, చాలా దూరంగా. కట్ లేకుండా ఒకే షాట్. ఇద్దరూ కంచెకి చెరోవైపునా నడుస్తూ, మధ్యలో స్మారకం అడ్డొచ్చి, ఆ చివర మళ్ళీ కలుస్తారు. ఎలియో ముఖం మనకి సరిగ్గా కనపడదు కూడా.

నవలలో ఈ చోటు నిండా ఆలోచనలు. అన్నాడా, అర్థమైందా, అర్థం కానట్టు నటిస్తున్నాడా, ఇప్పుడు వెనక్కి తీసుకోవచ్చా. అద్భుతంగా ఉంటుంది. మా స్నేహితురాలి ఫిర్యాదు ఇక్కడే: "సినిమాలో వాడి మనసులో ఏముందో మనకి తెలియదే!" నిజమే, తెలియదు. వాడికీ తెలియదు. నోరు తెరిచేశాడు, ఇక కాళ్ళు నడుస్తున్నాయి, అంతే. ఆ వయసులో పెద్ద మాటలు అలాగే బయటపడతాయి, ఎండలో, సిగరెట్లు కొనుక్కోవడానికి వచ్చి, ఏదో రాతి కట్టడం చుట్టూ తిరుగుతూ. కెమెరా దూరంగా ఉండటం వల్ల మనం చెవులు రిక్కించి వింటాం. నాకు ఆ సన్నివేశం చూసిన ప్రతిసారీ టెన్షన్‌గానే ఉంటుంది, చివర తెలిసి కూడా.

అంతకుముందు ఇంకో చిన్న సన్నివేశం ఉంది, నవలలోనూ ఉన్నదే. ఎలియో తోటలో గిటార్ మీద పాతకాలపు జర్మన్ సంగీతకారుడు బాఖ్ సంగీతం వాయిస్తుంటాడు. బాగుంది మళ్ళీ వాయించు అంటాడు ఆలివర్. ఎలియో లోపలికి రా అని పియానో దగ్గర కూర్చుని అదే పాట వాయిస్తాడు, కానీ వేరేలా. మార్చావే అంటే, బాఖ్ తర్వాతి కాలపు పియానో విద్వాంసుడు లిస్ట్ పేరు చెప్పి, ఆయనైతే దీన్ని ఇలా వాయించేవాడు అంటాడు. మళ్ళీ అడిగితే ఇంకోలా వాయించి, లిస్ట్ మార్చినదాన్ని బుసోనీ (ఇంకో పియానో విద్వాంసుడు) మారిస్తే ఇలా ఉండేది అంటాడు. ఆలివర్ విసుగొచ్చి వెళ్ళిపోబోతుంటే అప్పుడు అసలుది మొదలుపెడతాడు. కుర్రవాడు తన తెలివితేటలు చూపించుకుంటూ అవతలివాణ్ణి ఆడిస్తున్నాడు, అంతవరకే మనకి కనపడేది. ఆ సంగీతం బాఖ్ కుర్రతనంలో, దూరం వెళ్ళిపోతున్న సోదరుడి వీడ్కోలు మీద కట్టింది. సినిమా వీడ్కోలు ఊసెత్తదు. బాఖ్ తన సోదరుడికి అంకితమిచ్చాడని ఒక్క ముక్క అని వదిలేస్తుంది. తెలిసినవాడికి తెలుస్తుంది, ఎలియోకి మాత్రం అది తన కథ కాబోతోందని తెలియదు.

ఊరు, కాలం మార్చడంలో కూడా ఇదే పద్ధతి. నవలలో కథ సముద్రం ఒడ్డున జరుగుతుంది. గ్వాడాన్యీనో దాన్ని తను అప్పట్లో ఉండే క్రేమా పట్టణం పక్కకి, లొంబార్డీ మైదానంలోకి తెచ్చాడు. సముద్రం పోయి కాలువలు, చెరువులు, పొడుగాటి మట్టిదారులు వచ్చాయి. భవంతి అక్కడికి దగ్గరలోని మొస్కాజ్జానో గ్రామంలోది. కాలాన్ని కూడా కొన్నేళ్ళు వెనక్కి, 1983కి జరిపాడు. ఇది నాకు చాలా తెలివైన పనిగా అనిపిస్తుంది. ఆ సంవత్సరమే పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎయిడ్స్ వైరస్‌ని మొదటిసారి వేరుచేశారు. తర్వాత పదేళ్ళలో ఆ జబ్బు ఎంతమంది యువకుల్ని తీసుకుపోయిందో మనకి తెలుసు. ఆ తోటలో ఉన్నవాళ్ళకి ఎవరికీ తెలియదు, సినిమా ఆ పేరే ఎత్తదు. భోజనాల బల్ల దగ్గర చుట్టాలు క్రాక్సీ గురించి గొంతులు చించుకుంటారు. ఆ ఆగస్టులో ఇటలీ ప్రధాని అయినవాడు, తర్వాత అవినీతి కేసుల్లో ఇరుక్కుని 1994లో ట్యునీషియాకి పారిపోయినవాడు ఆయనే. అరుస్తున్నవాళ్ళకి అదీ తెలియదు. దాహమేసి మంచినీళ్ళకి ఆగిన ముసలమ్మ ఇంటి గుమ్మం మీద ముస్సోలినీ పటం మాత్రం ఇంకా వేలాడుతూనే ఉంటుంది. ఒక్క క్షణం చూపించి సైకిళ్ళు ముందుకి పోతాయి. మనకి తెలిసినదానికీ తెరమీది మనుషులకి తెలిసినదానికీ మధ్య ఉన్న ఈ ఖాళీని వ్యాఖ్యానంతో పూడ్చకపోవడం, నా దృష్టిలో, ఈ సినిమా చేసిన అన్నిటికన్నా కష్టమైన పని.

దీనికి సినిమా మూల్యం చెల్లించలేదా అంటే చెల్లించింది. సినిమా వచ్చినప్పటినుంచీ ఉన్న విమర్శ వయసు తేడా గురించి. పదిహేడేళ్ళవాడు, ఇరవై నాలుగేళ్ళవాడు. దానికి తోడు ఆలివర్‌గా వేసిన ఆర్మీ హామర్ అప్పటికి ముప్ఫైకి దగ్గరపడ్డవాడు, తెరమీద ఇరవై నాలుగులా కనిపించడు. ఇటలీ చట్టం ఒప్పుకుంటుంది కదా అనే సమాధానం నాకు ఆనదు. చట్టం అడిగే ప్రశ్న వేరు, చూసేవాడి మనసులో ముల్లు వేరు. నవలలో ఈ ముల్లుకి విరుగుడుంది. పెద్దవాడైన ఎలియో స్వయంగా వచ్చి, ఆ వేసవి నా జీవితంలో నాకు దొరికిన గొప్ప విషయం అని సాక్ష్యం చెబుతాడు. సినిమా ఆ సాక్షిని పంపించేసింది. అందుకే ఆలివర్ ఎంత తటపటాయించినా, ఎలియోనే ఎంత వెంటపడినా, ఇబ్బందిపడే ప్రేక్షకుడికి సినిమా దగ్గర గట్టి జవాబు లేదు. ఇబ్బందిపడ్డవాళ్ళని ఛాందసులు అని కొట్టిపారెయ్యడం నాకు నచ్చదు. తెలియనితనాన్ని తెలియనితనంగానే చూపిస్తానన్నప్పుడు, ఇది మంచికే జరిగిందా అన్న ప్రశ్న కూడా తెరిచే ఉంటుంది మరి.

ఇంకో లెక్క మార్జియాది. ఎలియో ఆలివర్ కోసం కొట్టుకుపోతూ మధ్యలో ఈ పిల్లతో తిరుగుతాడు. పుస్తకాలంటే ఇష్టమున్న, నెమ్మదైన పిల్ల. నువ్వు నన్ను బాధపెడతావని భయం అని ముందే చెబుతుంది. బాధపెడతాడు. కొన్ని రోజులు కనిపించకుండా పోయి, నేను నీ అమ్మాయినేనా అని ఆమె అడిగితే భుజాలు ఎగరేస్తాడు. సినిమాలో ఎలియో మీద నాకు నిజంగా కోపమొచ్చే చోటు అదే, దాన్ని చూపించినందుకు సినిమాని మెచ్చుకుంటాను. తను ప్రేమలో దెబ్బతినేటప్పుడు ఇంకొకళ్ళని దెబ్బకొడుతున్నానని ఆ వయసులో ఎవడికి తోస్తుంది? కానీ చివర్లో ఆమే వచ్చి, నాకు కోపం లేదు, మనం స్నేహితులం అని చెయ్యి చాపుతుంది. ఇక్కడ మాత్రం నాకు సినిమాతో పేచీ. అంత త్వరగా, అంత సులువుగా క్షమించేస్తే ఎలియో చేసింది ఏమీ మిగల్దు. అబ్బాయిల ఎదుగుదల కథల్లో అమ్మాయిలు ఇలా వచ్చి లెక్క చెరిపేసి పోవడం మన సినిమాల్లో ఎన్నిసార్లు చూశాం!

అలాగే వంటమనిషి మఫాల్డా, తోటపని చేసే అంకీజే. ఆ వేసవి తీరుబడి మొత్తం వాళ్ళ చేతులమీద నడుస్తుంది. పళ్ళు కోసేది, చేప పట్టుకొచ్చేది, గుడ్డు పెంకు ఎలా పగలగొట్టాలో తెలియని అమెరికన్ కుర్రాడికి పగలగొట్టి ఇచ్చేది వాళ్ళే. వాళ్ళ గురించి నవలకీ పెద్ద పట్టింపు లేదు, సినిమాకీ లేదు.

ఇప్పుడు అందరూ చెప్పుకునే సన్నివేశం, తండ్రి మాటలు. ఆలివర్ వెళ్ళిపోయాక సోఫాలో కొడుకు పక్కన కూర్చుని, తండ్రిగా వేసిన మైకేల్ స్టూల్‌బార్గ్ మాట్లాడే ఆ కొన్ని నిమిషాలు దాదాపు నవలలోవే. బాధని నొక్కి చంపుకోవద్దంటాడు. త్వరగా కోలుకోవాలనే తొందరలో మనలోంచి ఎంతో పీకి పారేసుకుంటాం, ముప్ఫై ఏళ్ళు వచ్చేసరికి ఎవరికి ఇవ్వడానికీ ఏమీ మిగలకుండా దివాలా తీస్తాం అంటాడు. 2018లో ఈ సినిమా మన దగ్గర కుర్రాళ్ళ లాప్‌టాప్‌లలో తిరుగుతున్న రోజుల్లో, ఆ సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377వ సెక్షన్ విషయంలో తీర్పిచ్చి, పరస్పర ఇష్టంతో కలిసిన పెద్దవాళ్ళ స్వలింగ సంబంధం నేరం కాదంది. అప్పుడు నాకు తెలిసినవాళ్ళందరిదీ ఒకటే మాట: "ఇలాంటి నాన్న ఎక్కడ దొరుకుతాడు?" ఆ ఆశలో ఎంత ఆకలి ఉందో నాకు అర్థమవుతుంది. నాన్నతో పరీక్ష ఫెయిలైన సంగతే అమ్మ ద్వారా చెప్పించే ఇళ్ళు మనవి.

కానీ ఆ మాటల్ని ఆదర్శ తండ్రి ఇచ్చిన అనుమతిగా చూస్తే సగమే చూసినట్టు. ఆయన తన సంగతి చెబుతున్నాడు. నాకూ అలాంటిది దగ్గరదాకా వచ్చింది, నీకు దొరికినది మాత్రం నాకెప్పుడూ దొరకలేదు, ఏదో ఒకటి వెనక్కి లాగేది అంటాడు. ఏడాదికో కుర్ర పరిశోధకుణ్ణి ఇంటికి పిలిచి శిల్పాల ఒంపుల గురించి పరవశంగా మాట్లాడే ఈ మనిషిని అప్పుడు మళ్ళీ మొదటినుంచీ చూడాలనిపిస్తుంది. నవలలోంచి గెంటేసిన ఆ పెద్దవయసు గొంతుకి సినిమా ఇచ్చిన చోటు ఇదొక్కటే, అది కూడా ఎలియోది కాదు, తండ్రిది. జరిగిపోయినదాని విలువ తెలిసిన మనిషి, తెలియనివాడి పక్కన కూర్చుని చెబుతున్నాడు.

మరి ఆ తెలియనివాడు ఏమన్నాడు? చాలామందికి తండ్రి మాటలు కంఠతా వచ్చుగానీ ఎలియో జవాబు గుర్తుండదు. ఇంత విన్నాక వాడు అడిగేది ఒక్కటే: అమ్మకి తెలుసా? తెలుసని నేననుకోను అంటాడు తండ్రి. ఒక మనిషి తన జీవితంలోని అతిపెద్ద నష్టాన్ని విప్పి ముందు పెడితే, వాడి బుర్ర వెళ్ళింది అమ్మ దగ్గరికి. పదిహేడేళ్ళవాడు అడిగే ప్రశ్న సరిగ్గా అదే. వాడికి తండ్రి చెప్పింది ఇప్పుడే అర్థం కాదు, అర్థమైనట్టు సినిమా నటించదు కూడా. ఆ అమ్మేమో, అంతకుముందు కరెంటు పోయిన వానరోజున జర్మన్ పుస్తకం తీసి, ప్రేమని చెప్పెయ్యడం మేలా చచ్చిపోవడం మేలా అని అడిగే వీరుడి కథ చదివి వినిపించిన మనిషి. కొడుకు జుట్టు నిమురుతూ, కావాలనే ఆ కథ ఎంచుకుందేమో. ఆమెకి ఏం తెలుసో ఎవరికీ తెలియదు, చెప్పమని ఆమెని ఎవరూ అడగరు కూడా.

చలికాలంలో ఆలివర్ ఫోన్ చేస్తాడు, పెళ్ళి కుదిరిందని చెప్పడానికి. నవలలో అతను క్రిస్మస్‌కి స్వయంగా వస్తాడు, సినిమాలో అమెరికానుంచి గొంతు మాత్రమే వస్తుంది. మా వాళ్ళకి మన సంగతి తెలుసు అని ఎలియో చెబితే, నువ్వు అదృష్టవంతుడివి, మా నాన్నయితే నన్ను బాగుచేసే చోటికి పంపించేసేవాడు అంటాడు ఆలివర్. ఒక్క వాక్యంలో వేసవంతా అతను ఎందుకు అలా తలుపు దగ్గరే నిలబడిపోయాడో అర్థమవుతుంది. నవల ఇరవయ్యేళ్ళ జీవితం చెప్పి సాధించిన బరువుని సినిమా ఈ ఫోన్ మీద పెట్టింది. ఆ తర్వాత పొయ్యి ముందు షాలమే ముఖం మీద నిమిషాల తరబడి నిలిచిపోయే షాట్. షూటింగ్‌లో సుఫ్యాన్ స్టీవెన్స్ పాట అతని చెవిలో వినిపిస్తూ తీశారట. వెనకాల భోజనానికి బల్ల సర్దుతుంటారు. అమ్మ పిలుస్తుంది, వాడు తల తిప్పుతాడు, తెర నల్లబడుతుంది. వాడికి ఏమర్థమైందో సినిమా చెప్పదు.

ఈ ముగింపు తను ఊహించనంతగా నవల ఆత్మని పట్టుకుందని ఆసిమన్ స్వయంగా రాశాడు. పాపం, ఆయన సినిమాలో కూడా ఉన్నాడు. విందుకి వచ్చే ఇద్దరు మగవాళ్ళ జంటలో ఒకరు ఆయనే, ఇంకొకరు నిర్మాతల్లో ఒకరైన పీటర్ స్పియర్స్. వాళ్ళు రాకముందు ఎలియో వాళ్ళని వెక్కిరిస్తాడు, తండ్రి మందలిస్తాడు. తను సృష్టించిన కుర్రవాడి చేత తనే ఎగతాళి చేయించుకుని, కిక్కురుమనకుండా భోజనం చేసి వెళ్ళిన రచయితని నేను ఇంకెక్కడా చూడలేదు.

మా స్నేహితురాలు ఇంత విన్నాక కూడా మెట్టు దిగలేదు. "తర్వాత ఏమైందో తెలుసుకోవాలనుండదా నీకు?" అంది. ఉంటుంది. అందరికీ ఉంటుంది కాబట్టే 2019లో ఆసిమన్ 'ఫైండ్ మీ' అని కొనసాగింపు రాశాడు. దాంట్లో పెద్ద భాగం తండ్రిది, రోమ్ వెళ్ళే రైల్లో పరిచయమైన ఒక యువతితో అతని ప్రేమ. ఎలియో, ఆలివర్ ఒకచోట చేరేది చిట్టచివర్లో. చదివాను. సోఫాలో కూర్చుని నాకు దొరకలేదు అన్న మనిషికి ఏళ్ళ తర్వాత ఇంత తేలిగ్గా దొరికేస్తే, ఆ పాత మాటల్లో పదును పోయింది. సినిమాకి రెండో భాగం తీస్తానని గ్వాడాన్యీనో కూడా కొన్నాళ్ళు ఇంటర్వ్యూలలో అన్నాడు. అది ఇప్పటిదాకా రాలేదు. రాకపోతేనే మంచిది.

మామూలుగా నవల ముందు, సినిమా తర్వాత అంటారు. దీనికి మాత్రం వరస తిప్పండి. ముందు సినిమా చూడండి, ఎలియోకి ఎంత తెలుసో మీకూ అంతే తెలిసి. నవల వెంటనే ముట్టుకోకుండా కొన్ని నెలలు పక్కన పెట్టి, ఆ వేసవి మీకు కూడా కాస్త మసకబారాక తీయండి. 'ఫైండ్ మీ' సంగతి మీ ఇష్టం.